ప్రతిబింబం ఎవరి ఆస్తి? : డిస్నీ యానిమేషన్ చిత్రాల లైవ్ యాక్షన్ పునర్నిర్మాణాలు - సంవాద సిద్ధాంత దృష్టి

వ్యాససంగ్రహం:

చేతిగీతలతో రూపొందిన తన యానిమేషన్ చిత్రాలను డిస్నీ సంస్థ గత దశాబ్దిన్నరగా లైవ్ యాక్షన్ చిత్రాలుగా తిరిగి నిర్మిస్తోంది. దీనికి లాభాపేక్షే కారణమన్నది అందరూ చెప్పే మాట. ఆ మాట నిజమే. అయితే ఏ చిత్రాన్ని ఎలా తిరిగి తీశారు, అందులో ఏది మిగిలింది, ఏది జారిపోయింది అన్న ప్రశ్నలకు అది సమాధానం కాదు. ఆనందవర్ధనుడు, రాజశేఖరుడు కావ్యాల మధ్య పోలికలను వివరించడానికి చెప్పిన సంవాద భేదాలను, భరతుని నాట్యధర్మి-లోకధర్మి విభాగాన్ని ఆధారం చేసుకొని ఈ పునర్నిర్మాణాలను వర్గీకరించడం, వాటి వెనుక ఉన్న యాజమాన్య స్వభావాన్ని గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: యానిమేషన్, లైవ్ యాక్షన్, పునర్నిర్మాణం, సంవాదం, ప్రతిబింబకల్పం, నాట్యధర్మి, అనువాద గళం, యాజమాన్యం.

1. ఉపోద్ఘాతం:

2019 జూలైలో విడుదలైన 'ది లయన్ కింగ్' చిత్రాన్ని పత్రికలూ ప్రేక్షకులూ 'లైవ్ యాక్షన్ రీమేక్' అనే పిలిచారు. నిజానికి ఆ తెర మీద నటుడు లేడు, సింహం లేదు, అడవి లేదు. దర్శకుడు జాన్ ఫావ్రో స్వయంగా వెల్లడించిన ప్రకారం చిత్రం మొత్తంలో కెమెరాతో తీసిన దృశ్యం ఒకే ఒకటి. అది ఆరంభంలో కనిపించే సూర్యోదయం. తక్కినదంతా కంప్యూటర్ మీద కల్పించినదే. గోల్డెన్ గ్లోబ్ పురస్కారాలలో ఈ చిత్రం ఉత్తమ యానిమేషన్ చిత్రాల విభాగంలో నామినేషన్ పొందింది. ఆస్కార్ పురస్కారాలలో దానికి దక్కిన నామినేషన్ విజువల్ ఎఫెక్ట్స్ విభాగంలోనిది. ఒక వేదిక మీద యానిమేషన్‌గా నిలిచిన చిత్రమే మరొక వేదిక మీద ఆ పేరు లేకుండా నిలిచింది.

ఇది కేవలం పేరుకు సంబంధించిన అస్పష్టత కాదు. ఒక యానిమేషన్ చిత్రాన్ని మళ్లీ యానిమేషన్‌తోనే తీసి, అది యానిమేషన్ కాదన్న భావన కలిగించవలసిన అవసరం ఒక స్టూడియోకు ఎందుకు వచ్చింది? గీసిన బొమ్మ అసంపూర్ణమనీ, ఛాయాచిత్రంలా కనిపించేది సంపూర్ణమనీ ఒక అంచనా ఈ ప్రయత్నం వెనుక ఉంది. ఆ అంచనా సరైనదేనా అన్నది కళకు సంబంధించిన ప్రశ్న. ఆ అంచనా ఎవరికి ఉపయోగపడుతోంది అన్నది యాజమాన్యానికి సంబంధించిన ప్రశ్న. ఈ రెండూ కలిసే చోటును ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

2. పునర్విడుదల నుంచి పునర్నిర్మాణం దాకా:

డిస్నీ తన పాత చిత్రాలను తిరిగి అమ్ముకోవడం కొత్త విషయం కాదు. 1937లో వచ్చిన 'స్నో వైట్ అండ్ ది సెవెన్ డ్వార్ఫ్స్' చిత్రాన్ని 1944లో మొదటిసారి మళ్లీ విడుదల చేశారు. అప్పటినుంచి 1993 వరకు కొన్నేళ్లకొకసారి అది థియేటర్లకు వస్తూనే ఉంది. ఒక తరం పిల్లలు పెరిగి, మరొక తరం పుట్టేలోగా చిత్రం మళ్లీ తెర మీదికి వచ్చేది. చిత్రం అదే, ప్రేక్షకులు మాత్రమే కొత్తవారు. వీడియో క్యాసెట్ల కాలంలో ఈ పద్ధతి మరొక రూపం ధరించింది. కొంతకాలం క్యాసెట్లు అమ్మి, తరువాత వాటిని బజారు నుంచి ఉపసంహరించి, కొన్నేళ్ల తరువాత మళ్లీ విడుదల చేసేవారు. ఆ కృత్రిమమైన కొరతకే 'డిస్నీ వాల్ట్' అని పేరు వచ్చింది. 1994లో 'ది రిటర్న్ ఆఫ్ జాఫర్'తో, థియేటర్లకు వెళ్లకుండా నేరుగా వీడియోగా వచ్చే కొనసాగింపు చిత్రాల పరంపర మొదలై, 2008 దాకా సాగింది.

ఈ మూడు పద్ధతులూ ఇప్పుడు ప్రాధాన్యం కోల్పోయాయి. 2019 నవంబర్ 12న డిస్నీ ప్లస్ ప్రారంభమైన తరువాత పాత చిత్రాలు చందాదారులకు ఎప్పుడు కావాలంటే అప్పుడు దొరుకుతున్నాయి. ఎప్పుడూ దొరికే వస్తువు కోసం ఎవరూ ఎదురుచూడరు. కాబట్టి పాత చిత్రం మళ్లీ ఒక సంఘటనగా మారాలంటే దానిని మళ్లీ తీయడం తప్ప మార్గం లేకపోయింది. పునర్నిర్మాణాలు డిస్నీ ప్లస్ కంటే ముందే మొదలైన మాట నిజం. 1996లోనే '101 డాల్మేషన్స్' నటులతో వచ్చింది. 2010లో టిమ్ బర్టన్ తీసిన 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' 100 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసి ఈ దారి ఎంత లాభసాటిదో చూపించింది. అయితే అంతకుముందు అప్పుడప్పుడూ జరిగిన ప్రయత్నం ఆ తరువాతి దశాబ్దంలో ఏటేటా జరిగే కార్యక్రమంగా స్థిరపడింది. 2019 ఒక్క ఏడాదిలోనే 'డంబో', 'అలాద్దీన్', 'ది లయన్ కింగ్' థియేటర్లకు వచ్చాయి. 'లేడీ అండ్ ది ట్రాంప్' డిస్నీ ప్లస్ ప్రారంభదినాన అందులోనే విడుదలైంది.

ఇక్కడ ప్రచారంలో ఉన్న ఒక అభిప్రాయాన్ని సరిచూడాలి. కాపీరైట్ గడువును పొడిగించుకోవడానికే ఈ రీమేకులు తీస్తున్నారని కొందరు అంటారు. అమెరికా చట్టం ప్రకారం అది సాధ్యం కాదు. 1998లో చేసిన సవరణ వల్ల సంస్థల పేరిట ఉన్న పాత రచనలకు ప్రచురణ నుంచి 95 ఏళ్ల రక్షణ లభించింది. ఆ లెక్కన 1928 నాటి 'స్టీమ్‌బోట్ విల్లీ' 2024 జనవరి 1న ప్రజల ఆస్తి అయింది. 1937 నాటి 'స్నో వైట్' 2033లో అవుతుంది. కొత్త చిత్రం తీసినంత మాత్రాన పాత చిత్రపు గడువు ఒక్కరోజు కూడా పెరగదు. కొత్త చిత్రంలో కొత్తగా చేర్చిన అంశాలకే కొత్త హక్కు వస్తుంది. రీమేక్ వల్ల సంస్థకు చట్టపరంగా పాతది దక్కదు. జనం మనసులో ఆ కథకు తానే చిరునామాగా కొనసాగే వీలు మాత్రం దక్కుతుంది.

మరొక వైరుధ్యాన్ని కూడా గమనించాలి. వాల్ట్ డిస్నీ యానిమేషన్ స్టూడియోస్ పూర్తిగా చేతిగీతలతో తీసి థియేటర్లలో విడుదల చేసిన కథాచిత్రాలలో చివరిది 2011 నాటి 'విన్నీ ది పూ'. తాను వదిలిపెట్టిన కళారూపం మీద జనానికి ఉన్న మమకారాన్నే ఆ తరువాతి ఏళ్లలో సంస్థ పెట్టుబడిగా వాడుకుంది.

3. సంవాద భేదాలు - పునర్నిర్మాణాల వర్గీకరణ:

ఒక కృతి మరొక కృతిని పోలి ఉండడం దోషమా అన్న ప్రశ్నను భారతీయ అలంకారికులు లోతుగా చర్చించారు. ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' నాలుగవ ఉద్ద్యోతంలో ఈ పోలికను 'సంవాదం' అన్నాడు. అది మూడు విధాలు: ప్రతిబింబం వంటిది, చిత్తరువు వంటిది, ఒకరిని పోలిన మరొక దేహధారి వంటిది. మొదటిదానికి తనదైన వేరే ఆత్మ లేదు. రెండవదానికి ఉన్న ఆత్మ తుచ్ఛమైనది. మూడవదానికి తనదైన ఆత్మ స్పష్టంగా ఉంది. కాబట్టి కవి మొదటి రెంటినీ విడిచిపెట్టాలనీ, మూడవదాన్ని విడువనక్కరలేదనీ ఆయన నిర్ణయం. రాజశేఖరుడు 'కావ్యమీమాంస'లో ఈ భేదాలను ప్రతిబింబకల్పం, ఆలేఖ్యప్రఖ్యం, తుల్యదేహితుల్యం అని వివరిస్తూ, పరపురప్రవేశసదృశం అనే నాలుగవదాన్ని చేర్చాడు. మూలం ఒకటే అయినా పరికరాల కూర్పు చాలా దూరంగా ఉండడం దాని లక్షణం.

లిండా హచియన్ వంటి ఆధునిక అనుసరణ సిద్ధాంతకర్తలు కూడా, తెలిసిన కథ మళ్లీ వినడంలోని నెమ్మది, అందులో ఎదురయ్యే మార్పు కలిగించే ఆసక్తి కలిసినప్పుడే అనుసరణలో ఆనందం పుడుతుందన్నారు. అయితే ఆ మార్పు ఎంత ఉంటే ఏమవుతుంది అన్నదానికి అంచెలంచెలుగా కొలత చెప్పగల సౌలభ్యం మన అలంకారికుల విభజనలో ఉంది. అందుకే ఇక్కడ దానిని స్వీకరించడమైనది.

3.1. ప్రతిబింబకల్పం - 'ది లయన్ కింగ్':

అర్థమంతా పాతదే అయి వాక్యరచన మాత్రమే వేరైతే అది ప్రతిబింబకల్పం. 2019 నాటి 'ది లయన్ కింగ్' ఈ నిర్వచనానికి సరిగ్గా సరిపోతుంది. 1994లో రోజర్ ఆలర్స్, రాబ్ మింకాఫ్ దర్శకత్వంలో వచ్చిన మూలచిత్రపు సన్నివేశక్రమం, పాటలు, సంభాషణలలో అధికభాగం ఇందులో అలాగే ఉన్నాయి. ముఫాసాకు రెండుసార్లూ జేమ్స్ ఎర్ల్ జోన్సే గళం ఇచ్చాడు. రెంటికీ నేపథ్య సంగీతం హాన్స్ జిమ్మర్‌దే. ప్రారంభంలోని పాటలో జంతువులు తరలివచ్చే తీరు, కొండకొన మీద సింహపు పిల్లను ఎత్తిపట్టే కోణం కూడా పాతవాటిని అనుసరించాయి. మూలం 88 నిమిషాలైతే ఇది 118 నిమిషాలు. పెరిగిన అరగంట కథకు కొత్త అర్థాన్ని చేర్చలేదు.

ప్రతిబింబంలో ముఖం ఉన్నట్లే ఉంటుంది గాని ప్రాణం ఉండదు. ఈ చిత్రంలో జారిపోయిన ప్రాణం ఏమిటో నాల్గవ విభాగంలో వివరిస్తాను. ఇక్కడ చెప్పవలసింది ఒక్కటే. ఆనందవర్ధనుడు విడిచిపెట్టమన్న మొదటి భేదమే వ్యాపారంలో 160 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది.

3.2. ఆలేఖ్యప్రఖ్యం - 'బ్యూటీ అండ్ ది బీస్ట్', 'అలాద్దీన్':

కొంత సంస్కారం చేయడం వల్ల వస్తువు వేరైనట్లు తోచడం ఆలేఖ్యప్రఖ్యం. డిస్నీ పునర్నిర్మాణాలలో ఎక్కువభాగం ఈ కోవకు చెందుతాయి. వీటిలో చేసిన సంస్కారాలు ప్రధానంగా రెండు రకాలు.

మొదటిది కారణాలను పూరించడం. 1991 నాటి 'బ్యూటీ అండ్ ది బీస్ట్' ఉత్తమ చిత్రం విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందిన మొదటి యానిమేషన్ చిత్రం. అందులో కథానాయిక బెల్ తల్లి ఏమైందో చెప్పరు. జానపద కథ వినేవారు ఆ ప్రశ్న అడగరు. బిల్ కాండన్ దర్శకత్వంలో వచ్చిన 2017 చిత్రం ఆమె ప్లేగు వ్యాధితో మరణించిందని చూపించడానికి బెల్‌ను పారిస్‌లోని పాత ఇంటికి తీసుకువెళ్తుంది. 84 నిమిషాల కథ 129 నిమిషాలకు పెరిగింది. మనుషులు నటించగానే కథ వాస్తవ ప్రపంచపు ప్రశ్నలకు జవాబుదారీ అవుతుంది. జానపద కథ మౌనంగా ఉన్నచోట నవలలాగా మాట్లాడవలసి వస్తుంది. ఆ మాటలు తప్పు కావు గాని, మౌనం చేసిన పనిని అవి చేయలేవు.

రెండవది పాత దోషాలను దిద్దడం. 1992 నాటి 'అలాద్దీన్' తొలి పాటలో అరబ్బు దేశాన్ని కించపరిచే మాటలున్నాయని అమెరికాలోని అరబ్ సంఘాలు నిరసించడంతో 1993 వీడియో ప్రతిలోనే కొంత మార్చారు. 2019లో ఆ పాటను ఇంకా మార్చారు. మూలంలో జాస్మిన్ తనకు నచ్చినవాణ్ణి పెళ్లాడే స్వేచ్ఛను పొందుతుంది. కొత్త చిత్రంలో ఆమె మౌనాన్ని నిరాకరించే ఒక పాట పాడి, చివరికి తానే సుల్తాన్ అవుతుంది. 1941 నాటి 'డంబో'లో నల్లజాతివారిని హేళన చేసేలా ఉన్న కాకుల పాత్రలను 2019 చిత్రంలో తొలగించారు. ఈ దిద్దుబాట్లు అవసరమైనవే. అయితే జాస్మిన్ సుల్తాన్ కావడం కథ చివర జరిగే ప్రకటన. అంతకుముందు నడిచిన కథ అలాద్దీన్‌దే. కథ పొడవునా పాకని మార్పు చిత్తరువు మీద తరువాత అద్దిన రంగులాగే ఉంటుంది. ఆలేఖ్యప్రఖ్యానికి ఆత్మ తుచ్ఛమని ఆనందవర్ధనుడు ఎందుకన్నాడో ఇక్కడ అర్థమవుతుంది.

3.3. తుల్యదేహితుల్యం - 'మాలెఫిసెంట్', 'ది జంగిల్ బుక్':

2014 నాటి 'మాలెఫిసెంట్' 1959 నాటి 'స్లీపింగ్ బ్యూటీ'ని పోలి ఉంటుంది. పసిపాప వేడుకకు పిలవకుండానే వచ్చిన మంత్రగత్తె శాపం ఇచ్చే సన్నివేశం మూలాన్ని దగ్గరగా అనుసరిస్తుంది. కాని ఆ సన్నివేశం చేరేసరికి ప్రేక్షకునికి ఒక గతం తెలుసు. రాజ్యం కోసం స్టీఫన్ ఆమెను నమ్మించి రెక్కలు కోసుకుపోయాడు. కాబట్టి అదే శాపం ఇప్పుడు అకారణ క్రౌర్యం కాదు, గాయపడిన మనిషి ఆక్రోశం. రాకుమార్తెను మేల్కొలిపే నిజమైన ప్రేమ రాకుమారునిది కాక, శాపమిచ్చిన ఆమెదే కావడం ఆ గతం నుంచి పుట్టిన ఫలితం. దేహం పోలింది, ఆత్మ వేరు.

జాన్ ఫావ్రోనే తీసిన 2016 నాటి 'ది జంగిల్ బుక్' కూడా ఈ కోవలోనిదే. మధ్యప్రదేశ్‌లోని సివనీ ప్రాంతపు అడవి కథను లాస్ ఏంజెలస్ నగరంలోని స్టూడియోలో, మౌగ్లీ పాత్రధారి నీల్ సేఠీ తప్ప దాదాపు అంతా కంప్యూటర్ కల్పనగా నిర్మించారు. సాంకేతికంగా ఇది తరువాతి 'లయన్ కింగ్'కు పూర్వరంగం. కాని 1967 చిత్రంలో మౌగ్లీ నీళ్లకు వచ్చిన ఒక బాలిక వెంట మనుషుల ఊరికి వెళ్లిపోతాడు. 2016 చిత్రంలో అడవిలోనే ఉండిపోతాడు. ఎవరి స్థానం వారిది అన్న భావం నుంచి, మనిషి తన నేర్పుతోనే మరొక సమాజంలో సభ్యుడు కావచ్చునన్న భావానికి కథ మారింది. అతని పనిముట్ల నేర్పును తోడేళ్లు మొదట వద్దనడం, చివరకు ఆ నేర్పే అందరికీ అక్కరకు రావడం ఈ ముగింపుకు మొదటినుంచీ వేసిన పునాది. ఒకే దర్శకుడు, ఇంచుమించు ఒకే సాంకేతికత. ఫలితాలు మాత్రం వేరు. కాబట్టి లోపం సాంకేతికతలో లేదని తేలుతోంది.

3.4. పరపురప్రవేశం - 'పినోకియో':

2022లో రెండు 'పినోకియో' చిత్రాలు వచ్చాయి. రాబర్ట్ జెమెకిస్ తీసినది డిస్నీ 1940 చిత్రానికి పునర్నిర్మాణం. గియెర్మో దెల్ తోరో తీసినది కార్లో కొలోడి 1883 నాటి పుస్తకం ఆధారంగా, బొమ్మలను చట్రం తరువాత చట్రంగా కదిలించే స్టాప్ మోషన్ పద్ధతిలో వచ్చింది. రెండవదానిలో కథ ముస్సోలినీ కాలపు ఇటలీకి చేరింది. జెపెట్టో కొడుకు మొదటి ప్రపంచయుద్ధకాలంలో బాంబు పడి చనిపోయాడు. చెప్పిన మాట వినే పిల్లలను తయారుచేసే ఫాసిస్టు శిక్షణ శిబిరానికి పినోకియో చేరతాడు. డిస్నీ కథలో మాట వినడం నేర్చుకున్న బొమ్మ నిజమైన బాలుడవుతుంది. ఇక్కడ మాట వినకపోవడమే మనిషితనం. మూలం ఒకటే, కూర్పు సుదూరం. ఈ చిత్రం ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. పాత కథకు కొత్త ప్రాణం పోయడానికి యానిమేషన్‌ను వదలనక్కరలేదని అది నిరూపించింది. ఆ పని చేసినది 1940 చిత్రానికి హక్కుదారు కాని వ్యక్తి కావడం యాదృచ్ఛికం కాదని ఏడవ విభాగంలో చూస్తాం.

4. నాట్యధర్మి - లోకధర్మి:

లోకంలో ఉన్నది ఉన్నట్లు చూపడం లోకధర్మి. అతిశయంతో, సంకేతాలతో చూపడం నాట్యధర్మి. కొండలు, వాహనాలు, ఆయుధాలు, ధ్వజాల వంటివి మూర్తిమంతమై రంగం మీదికి రావడాన్ని భరతుడు నాట్యధర్మిగా లెక్కించాడు. కొవ్వొత్తి స్తంభమూ గడియారమూ పాత్రలై పాడే 'బ్యూటీ అండ్ ది బీస్ట్' వంటి యానిమేషన్ చిత్రాన్ని నాట్యధర్మికి ఆధునిక రూపంగా చెప్పవచ్చు. ఐజెన్‌స్టీన్ 1940లలో డిస్నీ మీద రాసుకున్న వ్యాసాలలో, ఏ రూపాన్నైనా ధరించగల ద్రవస్వభావమే యానిమేషన్ ఆకర్షణకు మూలమన్నాడు. 1992 నాటి 'అలాద్దీన్'లో ఎరిక్ గోల్డ్‌బర్గ్ పర్యవేక్షించిన జీనీ పాత్ర ఇందుకు చక్కని నిదర్శనం. అల్ హిర్ష్‌ఫెల్డ్ వ్యంగ్యచిత్రాల వంపుగీత స్ఫూర్తితో గీసిన ఆ పాత్ర రాబిన్ విలియమ్స్ గొంతు ఎంత వేగంగా మారితే అంత వేగంగా ఆకారం మార్చుకుంటుంది.

ఈ నాట్యధర్మిని లోకధర్మిలోకి మార్చినప్పుడు ఏం జరుగుతుందో 'లయన్ కింగ్' పాటలలో స్పష్టంగా కనిపిస్తుంది. 1994 చిత్రంలో రాజు కావాలని ఉబలాటపడే పిల్ల సింబా పాటలో నేపథ్యం ఒక్కసారిగా చదునైన గాఢమైన రంగులలోకి మారుతుంది. జంతువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి గోపురంలా నిలుస్తాయి. బాలుని మనసులోని రాజ్యం ఎలా ఉంటుందో ఆ దృశ్యం చూపుతుంది. 2019లో అదే పాటకు సింబా నీటిమడుగు దగ్గర జంతువుల మధ్య పరుగెత్తుతాడు. అంతే. స్కార్ కుట్రగీతం 1994లో ఆకుపచ్చని పొగల మధ్య, కవాతు చేసే హైనాల వరుసలతో నియంతృత్వాన్ని స్ఫురింపజేసింది. కొత్త చిత్రంలో అది కుదించుకుపోయి ప్రసంగానికి దగ్గరైంది. రాత్రి వేళను సూచించే ప్రేమగీతాన్ని పగటి వెలుగులో చిత్రించడం అప్పట్లో పరిహాసానికి కూడా గురైంది.

రసనిష్పత్తికి అనుభావాలు అవసరం. కనుబొమ్మ ముడి, పెదవి వణుకు, చూపులోని కలవరం లేకుండా శోకమూ భయమూ ప్రేక్షకునికి అందవు. ఆండ్రియాస్ డేజా పర్యవేక్షణలో గీసిన స్కార్ ముఖంలో జెరెమీ ఐరన్స్ గొంతులోని అలసత్వం, వ్యంగ్యం రెండూ కనిపిస్తాయి. నిజమైన సింహానికి ఆ కండరాలు లేవు. ప్రకృతికి విధేయమైన 2019 చిత్రంలో తండ్రి శవం పక్కన పడుకున్న పిల్ల సింబా ముఖంలో శోకం వెతకాలి. గొంతు ఏడుస్తుంది, ముఖం ఏడవదు. స్థాయిభావం ఉంది, విభావం ఉంది, అనుభావం లేదు.

ఛాయాచిత్రానికి దాని ఎదుట ఉన్న వస్తువుతో అస్తిత్వ సంబంధం ఉంటుందన్నది ఆంద్రే బజాన్ ప్రతిపాదన. 2019 'లయన్ కింగ్' ఎదుట వస్తువే లేదు. అంటే అది లోకధర్మి కూడా కాదు. లోకధర్మి వేషం వేసుకున్న నాట్యధర్మి. నాట్యధర్మికి ఉండే స్వేచ్ఛను వదులుకొని, లోకధర్మికి ఉండే సాక్ష్యాన్ని పొందలేక, రెంటికీ దూరమైంది. పాత రూపాన్ని కొత్త సాంకేతికతతో 'పూర్తి' చేయాలన్న కోరిక మనకు తెలియనిది కాదు. 1957 నాటి 'మాయాబజార్'ను 2010లో రంగుల చిత్రంగా మార్చి విడుదల చేశారు. కాని అక్కడ రంగుల కింద ఎస్.వి. రంగారావు, సావిత్రి ముఖాలు అలాగే ఉన్నాయి. అనుభావాలు చెక్కుచెదరలేదు. ఇక్కడ ముఖమే మారిపోయింది.

5. జ్ఞాపకపు దూరం - ఆదరణ:

కళాదృష్టితో తక్కువదైన భేదం వ్యాపారంలో ఎందుకు గెలుస్తోంది? వసూళ్లను మూలచిత్రాల కాలంతో కలిపి చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. 1991, 1992, 1994లలో వచ్చిన మూలాలను దగ్గరగా అనుసరించిన మూడు చిత్రాలూ ఒక్కొక్కటి 100 కోట్ల డాలర్లు దాటాయి. 2002 నాటి 'లిలో అండ్ స్టిచ్'కు 2025లో వచ్చిన పునర్నిర్మాణమూ ఆ హద్దు దాటింది. మరోవైపు 1941 నాటి 'డంబో' పునర్నిర్మాణం 35 కోట్ల డాలర్ల స్థాయిలో నిలిచింది. 1937 నాటి 'స్నో వైట్' 2025 పునర్నిర్మాణం వివాదాల నడుమ విడుదలై 20 కోట్ల డాలర్ల స్థాయిలోనే ఆగిపోయింది.

పాత మూలాలలో విజయం సాధించినవి ఏవి? 1951 నాటి 'ఆలిస్', 1959 నాటి 'స్లీపింగ్ బ్యూటీ', 1967 నాటి 'జంగిల్ బుక్'ల నుంచి వచ్చినవి. ఇవి మూలాన్ని గణనీయంగా మార్చినవే. ఈ సూత్రానికి లొంగనివీ ఉన్నాయి. 1950 నాటి 'సిండరెల్లా'ను పెద్ద మార్పు లేకుండా 2015లో కెన్నెత్ బ్రానా తీస్తే 50 కోట్ల డాలర్లకు పైగా వచ్చాయి. అయితే ఆ కథ డిస్నీ చిత్రంతో నిమిత్తం లేకుండానే ఇంటింటా తెలిసినది. 1989 నాటి 'ది లిటిల్ మెర్మెయిడ్' 2023లో మళ్లీ వచ్చినప్పుడు తన తోటి తొంభైల చిత్రాల స్థాయిని అందుకోలేదు. కాబట్టి దీనిని నియమంగా కాక ఒక మొగ్గుగానే గ్రహించాలి. మొత్తం మీద మూలాన్ని బాల్యంలో చూసిన తరం ఇప్పుడు పిల్లలను వెంటబెట్టుకొని థియేటర్‌కు వచ్చే వయసులో ఉంటే ప్రతిబింబం చాలు. ఆ తరం దాటిపోతే వేరే ఆత్మ కావాలి. ముఖం గుర్తున్నవారికే కదా అద్దం పనికివచ్చేది!

ఈ మొగ్గును స్టూడియోలు కూడా గ్రహించినట్లే ఉంది. మూలానికీ పునర్నిర్మాణానికీ నడుమ ఎడం తగ్గుతోంది. 'లయన్ కింగ్'కు 25 ఏళ్లు. డ్రీమ్‌వర్క్స్ వారి 'హౌ టు ట్రెయిన్ యువర్ డ్రాగన్'కు 15 ఏళ్లు. 2010 మూలచిత్ర దర్శకులలో ఒకరైన డీన్ డెబ్లోయిసే 2025 చిత్రానికీ దర్శకుడు. 2016 నాటి 'మోనా'కు పదేళ్లు తిరిగేసరికి 2026లో లైవ్ యాక్షన్ రూపాన్ని డిస్నీ ప్రకటించింది. జ్ఞాపకం పాతబడకముందే దానిని అమ్మకానికి పెడుతున్నారు.

6. తెలుగు ప్రేక్షకుడు - అరువు జ్ఞాపకం:

పై వివరణ అమెరికన్ కుటుంబాలకు సరిపోతుంది. 1994 'లయన్ కింగ్' తెలుగునాట ఇంటింటి జ్ఞాపకం కాదు. మరి తెలుగు అనువాదం దేనిని ఆశ్రయించింది? 2019 తెలుగు 'లయన్ కింగ్'లో సింబాకు నాని, ముఫాసాకు పి. రవిశంకర్, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం, టిమోన్‌కు అలీ గొంతునిచ్చారు. అదే ఏడాది 'అలాద్దీన్'లో జీనీకి వెంకటేశ్, అలాద్దీన్‌కు వరుణ్ తేజ్ మాట్లాడారు. ఆ సంక్రాంతికి విడుదలైన 'ఎఫ్2'లో వారిద్దరూ తోడల్లుళ్లుగా నవ్వించిన సంగతి ప్రేక్షకులకు తాజాగా గుర్తుంది. 2024 నాటి 'ముఫాసా'కు మహేశ్‌బాబు గళం ప్రధాన ప్రచారాంశమైంది.

ఇక్కడ అనువాద గళం మూలానికి ప్రత్యామ్నాయం మాత్రమే కాదు. లేని జ్ఞాపకం స్థానంలో ఉన్న జ్ఞాపకాన్ని నిలుపుతుంది. పుంబా, టిమోన్ మాట్లాడుతుంటే తెలుగు ప్రేక్షకునికి 1994 చిత్రం గుర్తురాదు. బ్రహ్మానందం, అలీ దశాబ్దాలుగా కలిసి పండించిన హాస్యం గుర్తువస్తుంది. కదలిక లేని ముఖానికి తెలిసిన గొంతు అనుభావాన్ని కొంతవరకు సమకూరుస్తుంది కూడా. బ్రహ్మానందం గొంతు వినగానే ప్రేక్షకుడు ఆయన ముఖాన్ని తానే ఊహించుకుంటాడు. ఆ విధంగా తెలుగు ప్రతి కొంతమేరకు తుల్యదేహితుల్యానికి చేరువవుతుంది. అనువాద చిత్రాలను సాహిత్యేతరమని పక్కన పెట్టే మన పరిశోధన ఈ కోణాన్ని ఇంకా తగినంతగా పరిశీలించవలసి ఉంది.

7. సంవాదం - యాజమాన్యం:

తెలుగు సాహిత్యంలో పునఃకథనం కొత్తది కాదు. కవిత్రయ భారతం మొదలుకొని మన కావ్యపరంపరలో అధికభాగం తెలిసిన కథలను మళ్లీ చెప్పినదే. విశ్వనాథ సత్యనారాయణ 'శ్రీమద్రామాయణ కల్పవృక్షం' అవతారికలో మళ్లీ రామాయణమెందుకన్న ప్రశ్నను తానే వేసుకున్నారు. కథ పాతదైనా కవి ఆత్మానుభవం కొత్తదన్నదే ఆయన సమాధాన సారం. ఆ ప్రశ్న వేసుకోవలసిన బాధ్యత కవికి ఎందుకు కలిగింది? రామకథ ఎవరి ఆస్తీ కాదు గనుక. ఎవరైనా చెప్పగల కథను నేనెందుకు చెప్పాలి అన్నది అందరికీ అందుబాటులో ఉన్న వస్తువు విషయంలోనే పుట్టే ప్రశ్న.

ఆనందవర్ధనుని సిద్ధాంతం కూడా ఇటువంటి లోకాన్నే ఊహించుకుంది. అందులో ఒక కవి మరొక కవి అర్థాన్ని స్వీకరిస్తాడు. సహృదయుడు రెంటినీ పోల్చి తీర్పు చెబుతాడు. డిస్నీ కూడా ఒకనాడు ఈ లోకంలోనే ఉంది. గ్రిమ్ సోదరులు 1812లో ప్రచురించిన స్నో వైట్ కథను, పెరో 1697 నాటి సిండరెల్లాను, ఆండర్సన్ 1837 నాటి జలకన్యను ఎవరి అనుమతీ అక్కరలేకుండా తీసుకొని, తనదైన ఆత్మతో చిత్రాలుగా మలిచింది. ఆ చిత్రాలు నిస్సందేహంగా తుల్యదేహితుల్యాలు. ఇప్పుడు ఆ చిత్రాల పాటలను, పాత్రల రూపాలను, సంభాషణలను తిరిగి వాడుకునే హక్కు ఆ సంస్థకు తప్ప మరెవరికీ లేదు. కాబట్టి ఇంకొకరితో పోటీ లేదు, ఎందుకు తీస్తున్నావని అడిగేవారూ లేరు.

అర్థహరణాన్ని చర్చించిన సందర్భంలో రాజశేఖరుడు కవినీ వణిజుణ్ణీ ఒకే వరుసలో నిలబెట్టాడు. తీసుకున్నదాన్ని దాచగల నేర్పే ఇద్దరికీ నింద రాకుండా కాపాడుతుందని ఆయన భావం. నేటి స్టూడియోకు దాచవలసిన అవసరమే లేదు. పోలిక ఎంత స్పష్టంగా ఉంటే హక్కు అంత స్పష్టంగా కనిపిస్తుంది. ప్రతిబింబకల్పం కవికి దోషం, యజమానికి దస్తావేజు. మూలానికి దూరంగా వెళ్లే కొద్దీ చిత్రం గ్రిమ్‌కూ కొలోడికీ, అంటే అందరికీ చెందిన కథకు, దగ్గరవుతుంది. దెల్ తోరో చేసినది అదే. మూలానికి దగ్గరగా ఉన్నంతసేపు అది సంస్థ సొత్తు. పునర్నిర్మాణాలు ఇంత విధేయంగా ఉండడానికి ఊహాశక్తి కొరతను మాత్రమే కారణంగా చెప్పడం పొరపాటు. విధేయతే ఇక్కడ విలువ.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

మొదటిది, లైవ్ యాక్షన్ పునర్నిర్మాణం ఒక కొత్త కళాధోరణి కంటే, పునర్విడుదల, వీడియో, కొనసాగింపు చిత్రాల తరువాత వచ్చిన నాల్గవ అమ్మకపు పద్ధతి.

రెండవది, సంవాద భేదాలను అన్వయిస్తే 'లయన్ కింగ్' వంటి ప్రతిబింబకల్పాలకూ, 'మాలెఫిసెంట్', 'జంగిల్ బుక్' వంటి తుల్యదేహితుల్యాలకూ గల తేడా తెలుస్తుంది. అన్ని రీమేకులనూ ఒకే మాటతో కొట్టివేయడం విమర్శ కాదు.

మూడవది, ఛాయాచిత్ర సదృశత యానిమేషన్‌కు పరిపూర్ణత కాదు. నాట్యధర్మిని వదిలిన చోట అనుభావం తొలగి రసం పలచబడింది.

నాల్గవది, ప్రతిబింబాల విజయం మూలాన్ని గుర్తుంచుకున్న తరం మీద ఆధారపడి ఉంది. తెలుగు వంటి భాషలలో ఆ లోటును నటుల గొంతులు పూరించాయి.

ఐదవది, ఈ పునర్నిర్మాణాల విధేయతకు మూలం యాజమాన్యంలో ఉంది.

2033లో 'స్నో వైట్' తొలి చిత్రం ప్రజల ఆస్తి అవుతుంది. దాని వెంట ఒక్కొక్కటిగా తక్కిన పాత చిత్రాలూ అవుతాయి. అప్పుడు ఆ చిత్రాలను తిరిగి తీయాలనుకునే ప్రతి ఒక్కరూ, డిస్నీతో సహా, విశ్వనాథ వేసుకున్న ప్రశ్నను ఎదుర్కోవలసి వస్తుంది. హక్కు ఒక్కటే సమాధానంగా చెల్లని ఆ రోజున ఏ సంవాదం నిలుస్తుందో నిర్ణయించేది సహృదయుడే.